ముల్లంగి మడిలో కాళ్ళ లెక్క: రంపపు ఈగను గుర్తుపట్టే తీరు

ముల్లంగి విత్తి మూడు వారాలైన మడి అనుకుందాం. మైపాడు వైపో కొత్తపట్నం వైపో సముద్రానికి దగ్గరి ఇసుక నేల, దొరువులోంచి తోడిన నీళ్ళు, నాలుగైదు ఆకులేసిన లేత మొక్కలు. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆకుల నిండా చిల్లులు. ఒక ఆకు అంచున నల్లటి పురుగు తోక మెలిపెట్టి పట్టుకుని తింటూ కనిపిస్తుంది. వేలు తగలగానే చుట్ట చుట్టుకుని మట్టిలో పడిపోతుంది, కాసేపు చచ్చినట్టే ఉంటుంది. పక్క చేను ఆయనను అడిగితే ‘లద్దె పురుగు’ అంటాడు. ఎరువుల కొట్టులో ఫోటో చూపిస్తే అక్కడా అదే మాట, దానికి తగ్గ సీసా కూడా బల్ల మీదికి వస్తుంది.

అలా అన్నందుకు ఎవరినీ తప్పుపట్టలేం. ప్రకాశం జిల్లాలో పొగాకు నారుమడి చుట్టూ ఆముదం ఎర పంటగా వేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు లద్దె పురుగు చిన్నప్పటి నుంచీ తెలిసిన శత్రువే. శనగ వేసేవాళ్ళకు పచ్చ పురుగు తెలుసు, ఆముదంలో నామాల పురుగు తెలుసు. మెత్తటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఆకులు కొరికే నోరు కనిపిస్తే ఇవే పేర్లు నోటికొస్తాయి. కానీ ముల్లంగి మీది ఈ నల్ల పురుగు ఆ కూటమిలోది కాదు. లద్దె పురుగు పెద్దదై రెక్కల పురుగు అవుతుంది, అంటే సీతాకోకచిలుకల చుట్టం. ఇది పెద్దదై కందిరీగలకు, తేనెటీగలకు, చీమలకు దాయాది అవుతుంది. మన వ్యవసాయ పుస్తకాల్లో దీని పేరు ఆవ రంపపు ఈగ. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు పురుగుల మధ్య దూరం కప్పకీ కాకికీ ఉన్నంత అనుకున్నా పెద్ద పొరపాటు కాదు. ఆ దూరాన్ని కొలవడానికి ముందు లాబ్ అక్కర్లేదు. కాళ్ళు లెక్కపెడితే సగం పని అయిపోతుంది.

పురుగును ఆకుతో సహా తుంచి అరచేతిలో పక్కకు తిప్పి పట్టుకోవాలి. తల వెనకే మూడు జతల గట్టి కాళ్ళుంటాయి, కణుపులతో, చివర గోరుతో. ఇవి అసలు కాళ్ళు, పెద్దయ్యాక కూడా మిగిలేవి. ఇవి అన్ని రకాల పురుగులకూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి వీటితో తేడా తేలదు. వాటి వెనక పొట్ట కింద మెత్తటి బుడిపెల్లాంటివి జతలు జతలుగా కనిపిస్తాయి. వాటిని ఉదర పాదాలు అంటారు. లెక్క పెట్టాల్సింది వీటినే. లద్దె పురుగుకు, పచ్చ పురుగుకు ఇవి ఐదు జతలు: పొట్ట ఖండితాల్లో, అంటే ఒళ్ళు విడివిడి కట్లుగా కనిపించే భాగాల్లో, మూడు నుంచి ఆరు దాకా ఒక్కో జత, చివరి ఖండితం మీద ఒక జత. నామాల పురుగులాంటివాటికి ఇంకా తగ్గుతాయి, అందుకే అవి నడిచేటప్పుడు నడుము విల్లులా పైకి లేస్తుంది. ఆవ రంపపు ఈగ పిల్లకు మాత్రం ఎనిమిది జతలు. రెండో ఖండితం నుంచి ఎనిమిదో దాకా వరసగా ఏడు, తోక దగ్గర ఇంకొకటి.

కదిలే పురుగు మీద ఎనిమిది దాకా లెక్కపెట్టడం ఓపిక పరీక్షే. దానికో అడ్డదారి ఉంది. గట్టి కాళ్ళ చివరి జతకీ, మెత్తటి కాళ్ళ మొదటి జతకీ మధ్య కాళ్ళు లేని ఖాళీ ఎంతుందో చూడాలి. లద్దె పురుగులో రెండు ఖండితాల పాటు ఏ కాలూ ఉండదు, ఆ ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది. రంపపు ఈగ పిల్లలో ఒక్క ఖండితమే ఖాళీ, కాళ్ళు దాదాపు ఎడతెగకుండా సాగినట్టుంటాయి. ఫోన్‌లో పక్క నుంచి తీసిన ఫోటోను పెద్దది చేసి చూస్తే ఈ సంగతి బాగానే కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పురుగుల ఫోటోలతో వచ్చే చిక్కల్లా అవన్నీ పైనుంచి తీసినవి కావడమే. వీపు చూపించే ఫోటోలో కాళ్ళుండవు, కాళ్ళు లేని ఫోటోకి ఎంత పెద్ద నిపుణుడైనా ఊహించి చెప్పాల్సిందే.

చిన్న భూతద్దం ఉంటే ఇంకో రెండు గుర్తులు దొరుకుతాయి. లద్దె పురుగు తల పక్కన చిన్న చిన్న కంటి చుక్కలు, మామూలుగా ఆరు, గుంపుగా ఉంటాయి. రంపపు ఈగ పిల్లకు తల ఒక్కో పక్కన ఒకే ఒక్క కన్ను, నల్లటి చుక్కలా. అందుకే దాని మొహం బొమ్మ మొహంలా ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. రెండో గుర్తు ఉదర పాదాల అడుగున ఉంటుంది. లద్దె జాతి పురుగులకు అక్కడ వంకర కొక్కేల వరస ఉంటుంది, చొక్కా మీద పడితే గుడ్డను పట్టుకుని వదలనిది దానివల్లే. రంపపు ఈగ పిల్లకు ఆ కొక్కేలు లేవు.

పట్టుకోగానే ముడుచుకుని పడిపోవడం మంచి ఆనవాలే గానీ దాని ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. లద్దె పురుగు కూడా ముడుచుకుంటుంది. ముల్లంగి, క్యాబేజీల మీద వచ్చే డైమండ్ రెక్కల పురుగు పిల్ల మాత్రం వేరే తీరు: తాకితే గబగబా వెనక్కి కొట్టుకుంటూ సన్నటి దారం మీద జారి వేలాడుతుంది. రంగు సంగతికొస్తే ఆవ రంపపు ఈగ పిల్ల ముదురాకుపచ్చ నుంచి నలుపు దాకా ఉంటుంది, వీపు మీద ఐదు నల్ల చారలు, ఒళ్ళంతా అడ్డంగా ముడతలు. ఎంత పెరిగినా రెండు సెంటీమీటర్లకు మించదు. పొదిగిన కొత్తలో లేతగా ఉంటుంది కాబట్టి చిన్న పురుగును రంగు చూసి తేల్చడం దండగ.

ఇంత లెక్క ఎందుకు, ఏదో ఒక మందు కొడితే రెండూ చస్తాయి కదా అని అడగొచ్చు. ఘాటు మందైతే రెండూ చస్తాయి, నిజమే. వాటితో పాటు సాలీళ్ళూ, పురుగుల మీద బతికే బదనికలూ పోతాయి. ముల్లంగి నలభై, యాభై రోజుల పంట, ఆకు కూడా కూరలోకి వెళ్తుంది. మూడు వారాల మొక్క మీద కొట్టినది తినే పళ్ళెం దాకా రావడానికి ఎన్నో రోజులు పట్టదు. అందుకే ఇలాంటి పంటల్లో మెత్తని పద్ధతులు వాడమంటారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. మెత్తని పద్ధతులన్నీ పురుగును చూసి మసలుకునే రకం. రైతులు బీటీ మందు అని కొనే పొడుల్లో ఎక్కువగా ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ కుర్‌స్టాకి రకం సీతాకోకచిలుకల వర్గపు పురుగుల పొట్టలో పనిచేసేది. రంపపు ఈగ పిల్ల అదే ఆకును తిని నింపాదిగా ఉంటుంది. పురుగులకు రోగం తెచ్చే ఎన్‌పీవీ అనే వైరస్ ద్రావణం ఇంకా ఖచ్చితమైనది, పొగాకు లద్దె పురుగుది లద్దె పురుగుకే, పచ్చ పురుగుది పచ్చ పురుగుకే. లింగాకర్షక బుట్టలు పెడితే వాటిలో పడేవి ఆ జాతి మగ రెక్కల పురుగులే. బుట్ట ఖాళీగా ఉంది కాబట్టి మడిలో పురుగు లేదనుకుంటే అంతకన్నా నష్టం. ‘మందు పనిచేయలేదు, కల్తీ సరుకు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం సీసాలో కాక పురుగు పేరులో ఉండి ఉండొచ్చు.

పేరు దగ్గర మన భాషకు ఒక అలవాటు ఉంది. తెలుగులో ఈగ అన్నది చాలా ఉదారమైన మాట. ఇంట్లో వాలేది ఈగ, గొడ్ల మీద వాలేది జోరీగ. ఇవి నిజంగానే ఈగలు, రెండే రెక్కలవి. తేనెటీగ, కందిరీగ కూడా ఈగలే మనకు, కానీ వాటికి నాలుగు రెక్కలు. రంపపు ఈగ కూడా ఈ రెండో గుంపులోది, నాలుగు రెక్కలది. దోమదీ ఇదే కథ. నెల్లూరు వరి రైతు సుడిదోమ అంటాడు, మిరప రైతు తెల్లదోమ అంటాడు, పత్తి రైతు పచ్చదోమ అంటాడు. వీటిలో ఒక్కటీ కుట్టే దోమ కాదు, అన్నీ రసం పీల్చేవే. ఇవి తప్పు పేర్లనడం అన్యాయం. చేలో నిలబడినవాడికి ముందు కావలసింది ఆ పురుగు ఎలా ఉంది, పంటను ఏం చేస్తోంది అన్నది. ఈ పేర్లు అది చెబుతాయి. శాస్త్రం పెట్టే పేరు చెప్పేది అది కాదు, ఏది దేని కడుపున పుట్టింది, ఎవరు ఎవరికి అన్నదమ్ములు అన్నది. మందు పొట్టలో పనిచేసేదై, పొట్ట వంశాన్ని బట్టి ఉండేదైతే రెండో రకం పేరు లేకుండా పని నడవదు.

వంశం లెక్కలో రంపపు ఈగ హైమెనాప్టెరా క్రమంలోది. పొర రెక్కలవి అని ఆ మాటకు అర్థం. కందిరీగలు, తేనెటీగలు, చీమలు అన్నీ ఇక్కడే. ముందు రెక్కకూ వెనక రెక్కకూ మధ్య చిన్న కొక్కేల వరస ఉంటుంది, ఎగిరేటప్పుడు రెండూ ఒకే రెక్కలా కలిసి కదులుతాయి. ఫలదీకరణ చెందని గుడ్డు, అంటే మగదాని వీర్యం కలవని గుడ్డు, ఈ క్రమంలో మగ పిల్లను ఇస్తుంది. కలిసినది ఆడ పిల్లను. తేనెటీగల పెంపకం తెలిసినవాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. రంపపు ఈగకూ అదే వర్తిస్తుంది.

ఇక్కడిదాకా చుట్టరికం. తేడా నడుములో ఉంది. కందిరీగ అనగానే కళ్ళ ముందుకొచ్చేది దారంలాంటి నడుము. రంపపు ఈగకు అది లేదు, వక్షం నుంచి పొట్ట దాకా ఒకే వెడల్పు. కుట్టే ముల్లు కూడా లేదు, చేత్తో పట్టుకున్నా ఏం కాదు. ముల్లు ఉండాల్సిన చోట ఆడదానికి రెండు సన్నటి పళ్ళ బద్దలున్న గుడ్లు పెట్టే అవయవం ఉంటుంది. పేరు దాన్నుంచే. ఆకు అంచున వాలి ఆ బద్దలను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఆకు పొరల మధ్య చిన్న జేబు కోసి, అందులో ఒక గుడ్డు పెడుతుంది. ఒక్కో చీలికలో ఒక్కో గుడ్డు, మొత్తం ముప్పై, ముప్పై అయిదు దాకా. గుడ్డు ఆకులోని తడిని పీల్చి ఉబ్బుతుంది. ఆకును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే అంచు వెంబడి చిన్న పొక్కుల్లా తెలుస్తాయి. లద్దె పురుగు తల్లి ఆకు కింద గుడ్లను కుప్పగా పెట్టి పైన నూగు కప్పే పద్ధతికి ఇది పూర్తిగా వేరు. కాబట్టి గుడ్ల దశలోనే తేడా పట్టొచ్చు, కళ్ళు బాగుంటే.

నడుము వెడల్పుగా ఉన్న ఈ హైమెనాప్టెరాలన్నింటినీ కలిపి పాత పుస్తకాలు సింఫైటా అనే ఉపక్రమంగా చూపిస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇవి ఎనిమిది వేలకు పైగా జాతులు. ఇప్పటి వర్గీకరణ శాస్త్రవేత్తలు ఆ పేరును వాడుతూనే అది అసలైన వంశం కాదంటారు. ఎందుకంటే సన్ననడుము కందిరీగలు పుట్టింది ఈ వెడల్పు నడుము గుంపు లోపలి నుంచే. నలుగురు అన్నదమ్ముల్లో ఒకడు వేరుపడి పెద్ద సంసారం పెట్టుకుంటే, అతన్నీ అతని పిల్లల్నీ తీసేసి మిగతా ముగ్గురినే ‘వంశం’ అని రాసుకున్నట్టు ఉంటుంది సింఫైటా అనడం. మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, వంశవృక్షం గీయడానికి పనికిరాదు. ఈ గుంపులో దాదాపు అన్నీ మొక్కల మీద బతికేవే. ఒరుస్సిడే అనే ఒక్క కుటుంబం మాత్రం చెట్ల మానుల్లోని ఇతర పురుగులను తిని బతుకుతుంది, సన్ననడుము కందిరీగలకు అన్నింటికన్నా దగ్గరి చుట్టం కూడా అదే. ఆకు తినే బతుకు నుంచి పురుగును తినే బతుకుకు మారిన మలుపు అక్కడ కనిపిస్తుంది.

మన ప్రాంతంలో రంపపు ఈగల పేరు పెద్దగా వినపడకపోవడానికి ఇంకో కారణం ఉంది. కీటకాల్లో చాలా గుంపులు వేడి దేశాల్లో ఎక్కువ, చలి దేశాల్లో తక్కువ. వీటిది తిరగేసిన లెక్క. యూరప్, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికాల్లో ఎక్కువ, ఉష్ణమండలంలో తక్కువ. మన దేశంలో కూడా హిమాలయాల్లోనే రకాలెక్కువ, భారత రంపపు ఈగల మీద దశాబ్దాల పాటు పనిచేసిన ఎం.ఎస్. సైనీ పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం వారు కావడం యాదృచ్ఛికం కాదు. ఒంగోలు ఎండల్లో పెరిగిన కంటికి రంపపు ఈగ అలవాటు లేకపోవడం సహజమే.

కుటుంబం దగ్గరికొస్తే పాఠ్యపుస్తకాలకీ కొత్త పరిశోధనకీ తేడా వస్తుంది. వ్యవసాయ డిగ్రీ పుస్తకాల్లో ఆవ రంపపు ఈగ టెంత్రెడినిడే కుటుంబంలో ఉంటుంది. రంపపు ఈగల్లో అన్నింటికన్నా పెద్ద కుటుంబం అదే. అయితే ఆవ రంపపు ఈగ ఉండే అథాలియా ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, అందులో ఎప్పుడూ సరిగ్గా ఇమడలేదు. ఆ కుటుంబంలో చాలావాటికి మీసాల్లో తొమ్మిది కణుపులు, అథాలియాకు పది, పదకొండు, చివర కాస్త లావెక్కి గదలా. 1962లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త ఆర్.బి. బెన్సన్ ఈ గుంపు మొత్తాన్ని తిరగరాసినప్పుడు దాన్ని ఆ కుటుంబంలోనే ఉంచారు. 2022లో జన్యు సమాచారంతో చేసిన విశ్లేషణ అథాలియాను, దాని దగ్గరివాటిని అథాలిడే అనే సొంత కుటుంబంగా నిలబెట్టింది. పరీక్ష రాసే విద్యార్థికి ఇది టెన్షన్ పెట్టే విషయమే. పుస్తకంలో ఒకటి, ఇంటర్నెట్‌లో ఇంకొకటి. రెండూ తప్పు కాదు, ఒకటి పాత చిరునామా, ఇంకొకటి కొత్తది. ఇంట్లో మనిషి మారలేదు.

ఆ మనిషి పూర్తి పేరు అథాలియా ల్యూజెన్స్ ప్రాక్సిమా (క్లగ్, 1815). కొన్నిచోట్ల మధ్య మాట లేకుండా అథాలియా ప్రాక్సిమా అని కూడా రాస్తారు. ల్యూజెన్స్‌లో ఒక ఉపజాతిగా చూస్తే మూడు మాటలు, విడి జాతిగా చూస్తే రెండు. బెర్లిన్‌కు చెందిన క్లగ్ 1815లో దీన్ని వర్ణించినప్పుడు అథాలియా అనే ప్రజాతే లేదు. 1817లో లీచ్ దాన్ని ఏర్పాటు చేశాక పురుగు అందులోకి మారింది. క్లగ్ పేరు కుండలీకరణాల్లో ఉండడానికి కారణం అదే: మొదట పేరు పెట్టినవాడు ఇతనే, కానీ అప్పుడు వేరే ప్రజాతిలో పెట్టాడు అని ఆ రెండు గీతలు చెబుతాయి. అచ్చుతప్పు అనుకుని వాటిని తీసేసే ప్రూఫ్ రీడర్లు లేకపోలేదు.

ల్యూజెన్స్ అంటే లాటిన్‌లో దుఃఖిస్తున్నది అని. నెల్లూరు రైతుకు ఈ మాట ఇంకో దారిలో పరిచయమే, వరి సుడిదోమ శాస్త్రీయ నామం నీలపర్వత ల్యూజెన్స్. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. శాస్త్రీయ నామంలో రెండో మాట ఎన్నింటికైనా ఉండొచ్చు, మొదటిదానితో కలిపి చూస్తేనే మనిషి తేలేది. ఊళ్ళో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతో పిలిచినట్టు. పేరులోని అర్థాన్ని నమ్మకూడదనడానికి ఈ ప్రజాతిలోనే మంచి ఉదాహరణ ఉంది. 1758లో లినేయస్ పేరుపెట్టిన అథాలియా రోసే పేరులో గులాబీ ఉంది. అది తినేది మాత్రం ఆవ కుటుంబపు మొక్కలనే. పేరు చూసి గులాబీ తోటలో వెతికితే ఎప్పటికీ దొరకదు.

పురుగు దశను చూసి ‘ఇది రంపపు ఈగ’ అనడం దాకా ధైర్యంగా వెళ్ళొచ్చు. ముల్లంగి మీద ఉంది, నల్లగా ఉంది, ఎనిమిది జతలున్నాయి అంటే ‘బహుశా అథాలియా’ అనొచ్చు. ఆ తరవాత జాతి పేరు రాయాలంటే పెద్ద పురుగు కావాలి. దాన్ని పట్టడానికి తేలికైన దారి పెంచడం. వెడల్పు మూతి సీసాలో మూడు వేళ్ళ మందాన జల్లించిన తడి ఇసుక వేసి, రోజూ తాజా ముల్లంగి ఆకు మారుస్తూ, మూతికి పలచటి గుడ్డ కట్టాలి. పెరిగిన పురుగు ఇసుకలోకి దిగి మట్టి అంటిన గూడు కట్టుకుంటుంది, గూడు లోపలికి నీళ్ళు దిగవు. పదిహేను రోజులు అటూ ఇటూగా నారింజ పసుపు ఒళ్ళు, నల్ల మచ్చలు, పొగ పట్టినట్టున్న రెక్కలతో ఈగ పైకి వస్తుంది. సెంటీమీటరు కూడా ఉండదు.

అప్పుడు చూడాల్సింది మీసాల కణుపులు, వక్షం మీద నలుపు ఎంత మేర ఉంది, కాళ్ళ రంగు. ఇవి కూడా దగ్గరి జాతుల మధ్య తడబడతాయి. చివరి మాట రంపానిదే. ఆడదాని పొట్ట చివరి భాగాన్ని విప్పి, ఆ బద్దను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తే పళ్ళ ఆకారం, వాటి మధ్య ఎడం జాతికో రకంగా ఉంటాయి. పేరు తెచ్చిపెట్టిన అవయవమే పేరును తేల్చడం ఈ గుంపులో ఉన్న ముచ్చట. మగది మాత్రమే దొరికితే ఈ సాక్ష్యం ఉండదు. డీఎన్ఏ బార్‌కోడ్ అని, మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి పోల్చడం ఇప్పుడు వాడుకలో ఉంది. పిల్ల పురుగుకూ పెద్ద ఈగకూ ఒకటే బార్‌కోడ్ కాబట్టి పెంచే శ్రమ తప్పుతుంది. కానీ పోల్చడానికి సరిగ్గా పేరు రాసిన నమూనా ముందే ఉండాలి, ఆ పేరు రాసింది ఎవరో ఒకరు రంపం చూసే.

మొక్కను చూసి పురుగును ఊహించడం పాత పద్ధతే, ఇక్కడ దానికి రసాయన ఆధారం ఉంది. ఆవాలు నూరితే ముక్కుకెక్కే ఘాటు, ముల్లంగి కొరికితే నాలుక మీది చురుకు ఒకే కుటుంబపు పదార్థాల పని, వాటిని గ్లూకోసినోలేట్లు అంటారు. మునగలోనూ, వామింటలోనూ ఇవే ఉంటాయి. మొక్క వీటిని తయారుచేసుకునేది తినేవాళ్ళను తరమడానికి. అథాలియాకు మాత్రం ఆ ఘాటే భోజనానికి పిలుపు. యూరప్‌లో బాగా పరిశీలించిన అథాలియా రోసే పిల్లలు ఈ పదార్థాలను తమ రక్తంలో దాచుకుంటాయి. చీమో కందిరీగో కొరికితే పలచటి చర్మం చిట్లి ఆ రక్తం బొట్టుగా బయటికొస్తుంది, కొరికినది వెనక్కి తగ్గుతుంది. మొక్క ఆయుధాన్ని దొంగిలించి తన దుడ్డుకర్రగా చేసుకోవడమన్నమాట. మునగలో ఆ ఘాటు ఉందని మునగ మీది గొంగళి గుంపును రంపపు ఈగ అనుకోకూడదు, ఒంటి నిండా వెంట్రుకలున్న అవి రెక్కల పురుగు పిల్లలు.

కాలం కూడా కలిసొస్తుంది. ఆవ రంపపు ఈగ అక్టోబరు నుంచి మార్చి దాకా చురుగ్గా ఉండేది. నెల్లూరు వర్షంలో సగానికి మించి ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తుంది. ఆ తడికే చలికాలపు కూరగాయలు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసేది. మొలకెత్తిన మూడు, నాలుగు వారాల్లో పడితేనే పెద్ద నష్టం, ముదిరిన మొక్క తట్టుకుంటుంది. పొద్దున, సాయంత్రం తిని ఎండలో మొక్క మొదట్లో మట్టిలో దాక్కుంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం పొలం చూడడానికి వచ్చినవారికి చిల్లులే తప్ప పురుగు కనిపించదు. లేత దశలో మడికి నిండుగా తడి పెడితే చాలా పిల్లలు నీళ్ళలో చస్తాయి. మరీ ఇసుక నేలల్లో నీళ్ళు నిలవవు, అక్కడ చేత్తో ఏరడమే నయం. వేసవి దుక్కి నేలలోని గూళ్ళను ఎండకు పడేస్తుంది.

నమూనా పంపాలంటే దగ్గర్లోని రైతు సేవా కేంద్రంతో మొదలుపెట్టి నెల్లూరులోనో దర్శిలోనో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం దాకా వెళ్ళొచ్చు, జాతి స్థాయిలో తేల్చే పని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వంటి చోట్ల జరుగుతుంది. పిల్ల పురుగును నేరుగా సారాలో వేస్తే నల్లబడి ముడుచుకుపోతుంది, కాళ్ళు కనిపించవు. ముందు మరిగిన వేడి నీళ్ళలో ఒక్క క్షణం ముంచి తీస్తే ఒళ్ళు సాగి నిలబడుతుంది, తరవాత ఎనభై శాతం ఆల్కహాల్‌లో వేయాలి. బార్‌కోడ్ కోసమైతే ఒకటి రెండింటిని వేడి తగలకుండా చిక్కటి ఆల్కహాల్‌లో విడిగా ఉంచాలి. చీటీ మీద ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, ఎవరు పట్టారు అన్నవి పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టాలి. పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. మొక్క పేరు రాయని నమూనాకు సగం విలువే.

పెంచిన సీసాలో ఒక్కోసారి అనుకోనిది జరుగుతుంది. పసుపు ఈగ కోసం ఎదురుచూస్తే ఇసుకలోంచి పొడుగు మీసాలు, సన్నటి నడుము ఉన్న చిన్న కందిరీగ బయటికొస్తుంది. పెంచినవాళ్ళు ఇదే రంపపు ఈగ అనుకుని ఫోటో పెట్టేస్తారు, లేదా ఏదో దూరిందని పారేస్తారు. అది దూరింది కాదు. పురుగు దశలోనే దాని ఒంట్లో గుడ్డు పెట్టి, లోపల్నుంచి తిని పెరిగిన బదనిక. మన దేశంలో ఆవ రంపపు ఈగ మీద ఇలా బతికే పెరిలిస్సస్ సింగులేటర్ గురించి వ్యవసాయ సంస్థల సలహాల్లో కూడా ఉంటుంది. నడుము చూస్తే చాలు ఏది ఏదో తెలియడానికి, రెండూ ఒకే క్రమంలోవే అయినా. ఆ కందిరీగను కూడా చీటీతో, అదే సీసా నంబరుతో, ఖాళీ గూడుతో కలిపి పంపాలి.